పది నంబరా, పదకొండా? ముందు నిపుల్ సంగతి చూద్దాం

ప్రశ్న: నమస్కారమండీ. నా దగ్గర పియెట్టా వాళ్ళ 1851 నేవీ నమూనా రివాల్వర్ ఉంది, .44 క్యాలిబర్‌ది. తిరిగే సిలిండర్‌లోని ఆరు చాంబర్లలో మందూ గుండూ విడిగా నింపి, ఒక్కో చాంబర్ వెనక క్యాపు తొడిగి కాల్చే పాత తరహాది. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి, క్లబ్బు రేంజిలోనే కాలుస్తాను. ఇబ్బందల్లా క్యాపులతోనే. మొదట సీసీఐ పది నంబరు డబ్బా కొన్నాను. ఆరింట్లో రెండు మూడు మొదటి దెబ్బకు పేలవు. మళ్ళీ హ్యామర్ ఎత్తి కొడితే పేలతాయి. మరీ బిగుతేమోనని అదే కంపెనీ పదకొండు నంబరు తెచ్చాను. అవి సులువుగా దిగుతున్నాయి గానీ ఒక చాంబర్ కాల్చేసరికి పక్క చాంబర్లవి రాలిపోతున్నాయి. పైగా పేలిన క్యాపు ముక్కలు హ్యామర్ దగ్గర ఇరుక్కుని సిలిండర్ తిరగనంటోంది. క్లబ్బులో ఒకాయన పదకొండునే వేళ్ళతో నొక్కి పెట్టమంటారు, ఇంకొకాయన మంట ఎక్కువుండే మాగ్నం క్యాపులు కొనమంటారు. నేనేం కొనాలి? త్వరలో రెమింగ్టన్ 1858 నమూనా కూడా తీసుకోవాలని ఉంది. రెండిటికీ ఒకే క్యాపు సరిపోతుందా?

సమాధానం: ఇప్పుడప్పుడే ఇంకో డబ్బా కొనకండి. మీరు రాసిన మూడు ఇబ్బందుల్లో మొదటి రెండూ క్యాపువి కావు, నిపుల్‌వి, అంటే చాంబర్ వెనక మరతో బిగించి ఉండే, క్యాపు తొడిగే సన్నటి గొట్టానివి. మూడోదానిలో కొంత నిపుల్‌ది, మిగతాది ఆ రివాల్వర్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. మాగ్నం కొంటే ఈ మూడింట్లో ఒక్కటీ తీరదు. మూడోది ఇంకాస్త ముదిరినా ముదరవచ్చు.

క్యాపు చేసే పని చాలా చిన్నది. సన్నటి రాగి గిన్నె, దాని అడుగున చిటికెడు కంటే తక్కువ మందు. ఈరోజుల్లో అది ఎక్కువగా లెడ్ స్టిఫ్నేట్ కలిసిన మిశ్రమం. పూర్వం పాదరసపు ఫల్మినేట్ వాడేవాళ్ళు. గిన్నెను నిపుల్ మీద బోర్లిస్తాం. హ్యామర్ వచ్చి కొట్టినప్పుడు ఆ మందు గిన్నె అడుగుకూ నిపుల్ తలకూ మధ్య నలగాలి. నలిగితేనే నిప్పు పుట్టి రంధ్రంలోంచి చాంబర్‌లోకి దూకుతుంది. మీ పది నంబరు క్యాపు నిపుల్ మీద సగం దిగి ఆగిపోతోంది. లోపల మందుకూ నిపుల్ తలకూ మధ్య ఖాళీ ఉండిపోతోంది. హ్యామర్ మొదటి దెబ్బ బలమంతా క్యాపును కిందికి దించడానికే ఖర్చవుతోంది, రెండో దెబ్బకు గానీ మందు నలగడం లేదు. కాబట్టి మొదటి దెబ్బకు తుస్సుమని రెండో దెబ్బకు పేలిందంటే క్యాపు పాడైందని అనుకోకండి. అది చివరిదాకా దిగలేదంతే. రెండు మూడు దెబ్బలకూ పేలకపోతేనే తేమనో, నూనెనో, పాతబడ్డ డబ్బానో అనుమానించాలి.

ఇక నంబర్ల సంగతి. చెప్పుల కంపెనీల మధ్య ఎనిమిది నంబరు ఎంత కలుస్తుందో, క్యాపుల కంపెనీల మధ్య పదీ పదకొండూ అంతే కలుస్తాయి. అందరూ పాటించే కొలత అంటూ ఒకటి లేదు. సీసీఐ పది నంబరు లోపల ఇరుకు, పొడవూ తక్కువే. రెమింగ్టన్ పేరుతో వచ్చే పది నంబరు లోపలి వెడల్పులో సీసీఐ పదకొండుకు దగ్గరగా ఉంటుంది, కానీ అంచు పొడవు ఎక్కువ. అందుకని నిపుల్‌ను కాస్త కిందిదాకా పట్టుకుంటుంది. మీలాగే ఇటలీ కంపెనీలైన పియెట్టా, ఉబెర్టీల రివాల్వర్లు ఉన్నవాళ్ళలో చాలామంది ఫ్యాక్టరీ నిపుల్స్ మీద రెమింగ్టన్ పదినే ఇష్టపడడానికి కారణం ఇదే. జర్మనీ ఆర్‌డబ్ల్యూఎస్ వాళ్ళ 1075 ఉంది. ఆ అంకె కొలత కాదు, వాళ్ళ సరుకు నంబరు మాత్రమే. దాన్ని వాడేవాళ్ళు అది పదికీ పదకొండుకీ నడుమ కూర్చుంటుందంటారు. ఇవన్నీ ఎంతలో తేడా అనుకుంటున్నారు? క్యాపు నోరే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో మిల్లీమీటరులో పదోవంతు అటూ ఇటూ అయితే మీరు రాసిన ఉత్తరం పుడుతుంది.

మస్కెట్ క్యాపు అని ఇంకోటి కనబడుతుంది, నాలుగు రెక్కలు విచ్చుకున్న టోపీలా. అది రైఫిల్ మస్కెట్లది, రివాల్వర్‌కు పనికిరాదు.

అటువైపు నిపుల్ కూడా తక్కువేం కాదు. ఒకే కంపెనీ, ఒకే నమూనా అయినా విడతకూ విడతకూ తేడా వస్తుంది. ఒకే సిలిండర్‌లోని ఆరు నిపుల్స్ కూడా అచ్చు ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. మీరు 'ఆరింట్లో రెండు మూడు' అన్నారు చూడండి, నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట అదే. క్యాపే తప్పయితే ఆరూ మొరాయించాలి. ఆ రెండు మూడూ ఎప్పుడూ అవే చాంబర్లా, లేక మారుతున్నాయా? ఈసారి రేంజికి వెళ్ళేముందు సిలిండర్ వెనక ఒకచోట గుర్తు పెట్టుకుని, ఎక్కడెక్కడ రెండో దెబ్బ పడిందో రాసుకోండి. ఎప్పుడూ అవే అయితే ఆ రెండు మూడు నిపుల్స్ దొంగలు. మారుతుంటే ఆరూ కొంచెం లావు, మీ బొటనవేలు ఒక్కోసారి ఒక్కోలా నొక్కుతోంది.

ఇప్పుడు తీరిగ్గా ఒక పూట కూర్చుని చేయాల్సిన పని. చాంబర్లు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, సిలిండర్ బయటికి తీసి, నిపుల్స్ శుభ్రంగా తుడవండి. ఒక్కోదాని పక్కన కిందినుంచి పైకి గోరు లాగండి. పైఅంచు దగ్గర గోరు తట్టుకుంటే ఆ నిపుల్ తల పుట్టగొడుగులా విప్పారిందన్నమాట. క్యాపు లేకుండా ఉత్తుత్తిగా హ్యామర్ కొట్టిస్తూ ఆడుకుంటే ఇలా అవుతుంది. ఈ తరహా రివాల్వర్లలో ఖాళీ దెబ్బలు మానుకోవాలనేది ఇందుకే. అలా విప్పారిన తల మీద సరైన క్యాపు కూడా దిగదు. హ్యామర్ అసలు నిపుల్‌ను తాకుతోందో లేదో కూడా చూడండి. క్యాపులూ మందూ ఏమీ లేని రివాల్వర్‌లో హ్యామర్‌ను చేత్తో పట్టి మెల్లగా దించి, దానికీ నిపుల్‌కూ మధ్య సన్నటి కాగితపు చీలిక పెట్టి లాగండి. జారి రావాలి. పట్టేస్తే హ్యామర్ ప్రతిసారీ నిపుల్‌ను సుత్తిలా మోదుతోందని అర్థం. అలాగని రెండిటి మధ్యా వేలెడు సందు ఉండకూడదు. అప్పుడు దెబ్బ చాలదు. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఎక్కువగా ఆడుతున్నా అంతే, దెబ్బలో కొంత ఆ ఆటలోనే పోతుంది.

తర్వాత నిపుల్ పక్కలకు మార్కర్ పెన్నుతో రంగు పూసి ఆరనివ్వండి. కళ్ళద్దాలు పెట్టుకుని, ముఖానికి దూరంగా పట్టుకుని, ఒక క్యాపును చిన్న కర్రపుల్లతో నిదానంగా నొక్కండి. సుత్తి వద్దు, శ్రావణం వద్దు, హ్యామర్‌తో అదమడం అసలే వద్దు. తేలిగ్గా వస్తే వేళ్ళతోనే తీసి రంగు ఎక్కడ చెరిగిందో చూడండి. కిందివైపు ఒక వలయంలా చెరిగి, పైన రంగు అలాగే ఉందంటే నిపుల్ మొదలు దగ్గర లావు, క్యాపు అక్కడే ఆగిపోతోంది. తల చుట్టూ మాత్రమే చెరిగితే విప్పారిన అంచు అడ్డుపడుతోంది. ఎక్కడా చెరగకుండా క్యాపు ఊగుతుంటే చెప్పేదేముంది, వదులు. క్యాపు గట్టిగా పట్టుకుని రానంటే గీకి తీయబోకండి. పేలని క్యాపును స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయి వేళ్ళు కాల్చుకునేవాళ్ళు ఉంటారు. సిలిండర్‌ను అలాగే బిగించి, రేంజిలో ఖాళీ చాంబర్ మీద పేల్చేయండి, తీరిపోతుంది.

విప్పారిన నిపుల్స్‌ను నేనైతే బాగుచేయను, మార్చేస్తాను. కేవలం లావుగా ఉన్నవాటిని సన్నబరచవచ్చు. నిపుల్ విప్పి, మర చుట్లు నలగకుండా చూసుకుని డ్రిల్లు మూతిలో బిగించి తిప్పుతూ, సన్నటి ఉప్పుకాగితం పక్కలకు మాత్రం తాకించాలి. రెండు క్షణాలు తాకించడం, ఆపి క్యాపుతో సరిచూడటం, మళ్ళీ తాకించడం. తల ఎత్తు తగ్గకూడదు. ఎత్తు తగ్గితే హ్యామర్ దెబ్బ అందదు, ఉన్న జబ్బు పోయి కొత్తది వస్తుంది. క్యాపు వేలి ఒత్తిడితో అడుగంటా దిగి, సిలిండర్‌ను బోర్లించి అరచేతికి రెండుసార్లు తట్టినా రాలకుండా ఉంటే అక్కడ ఆపేయండి. ఈ పని అలవాటు లేకపోతే తుపాకులు బాగుచేసేవాళ్ళకు అప్పగించండి. వాళ్ళకిది పెద్ద పని కాదు.

కానీ నిజం చెప్పాలంటే నా సలహా ఉప్పుకాగితం కూడా కాదు. ఆరు నిపుల్స్ ఒకేసారి మార్చేయడం. ట్రెసో వాళ్ళవి ఆంప్‌కో అనే కంచు మిశ్రమంతో చేసినవి ఉన్నాయి, స్లిక్స్-షాట్ పేరుతో స్టెయిన్‌లెస్ స్టీలువి ఉన్నాయి. ఇటలీ నుంచి రివాల్వర్‌తో వచ్చే నిపుల్స్ కంటే వీటి కొలతలు నిలకడగా ఉంటాయి, మంచి పది నంబరు క్యాపులకు అమరేలా చేసినవి. కొనేముందు రెండు చూడాలి. ఏ క్యాపుకు తగినవని తయారీదారు చెప్పాడో చూడాలి, మర చుట్టు మీ రివాల్వర్‌దేనా అని చూడాలి. పియెట్టాలో మామూలుగా 6 × 0.75 మిల్లీమీటర్ల మర ఉంటుంది. ఉబెర్టీది అదే కానక్కర్లేదు. తప్పు మరను బలవంతంగా తిప్పితే పోయేది నిపుల్ ఒక్కటే కాదు, సిలిండర్ కూడా. బిగించేటప్పుడు మరల మీద వేడికి పట్టేయకుండా ఉండే గ్రీజు రవ్వంత రాయండి, మొదటి రెండు చుట్లు చేత్తోనే తిప్పండి, సరైన నిపుల్ రెంచ్ వాడండి.

నిపుల్ మార్చమని ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం రంధ్రం. నిపుల్ మధ్య రంధ్రం ముప్పావు మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటే మంచిది. వాడగా వాడగా వేడి వాయువులకు అది అరిగి పెద్దదవుతుంది. పెద్దదైన కొద్దీ చాంబర్‌లో మందు పేలినప్పుడు పొంగే ఒత్తిడి వెనక్కి తన్నుతుంది. ఆ తాకిడికి క్యాపు పూరేకులుగా చీలుతుంది, హ్యామర్ కూడా కొంచెం వెనక్కి ఎగురుతుంది, ముక్కలు ఆ సందులో పడతాయి. ఒక మిల్లీమీటరు డ్రిల్లు బిట్టు నున్నటి మొదలు భాగాన్ని చేత్తో పట్టుకుని రంధ్రంలో పెట్టి చూడండి. హాయిగా దూరిపోతే ఆ నిపుల్ రోజులు చెల్లాయి.

ఇక్కడే మాగ్నం సలహా ఎందుకు పనికిరాదో కూడా తేలిపోతుంది. సీసీఐ మాగ్నం పదకొండు నంబరుకూ మామూలు పదకొండుకూ గిన్నె కొలత ఒకటే, లోపల మంట ఎక్కువ. మీకు వదులుగా ఉన్న క్యాపు మాగ్నం అయినా వదులుగానే ఉంటుంది, మరింత గట్టిగా చీలుతుంది. అసలైన బ్లాక్ పౌడర్‌కు, అంటే పాతకాలపు నల్ల తుపాకీమందుకు, నిప్పు చాలా సులువుగా అంటుకుంటుంది, మామూలు క్యాపు మంట దానికి చాలు. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి బదులు మందులు వాడేవాళ్ళ సంగతి వేరు. అవి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, కాబట్టి క్యాపు పేలినా చాంబర్ పేలకపోవడమో, ఆలస్యంగా పేలడమో జరుగుతుంటే వేడి ఎక్కువున్న క్యాపు సాయపడుతుంది. మీరు ఏ మందు వాడుతున్నారో రాయలేదు. కానీ మీ క్యాపు పేలినప్పుడల్లా చాంబర్ కూడా పేలుతోంది కదా, అంటే మంట లోటు మీకు లేదు.

నొక్కి పెట్టడం సంగతి. చాలామంది చేస్తారు, కాదనను. గుండ్రటి నోటిని కోలగా చేస్తే నిపుల్‌ను రెండు వైపులా పట్టుకుంటుంది, ఆ పూట గడుస్తుంది. కానీ మిగతా రెండు వైపులా సందు పెరుగుతుంది, తుపాకీ తన్నిన అదురుకు అది ఎటూ జారుతుంది. పేలే మందున్న గిన్నెను వేళ్ళ మధ్య నలపడం అలవాటుగా మారడం నాకు నచ్చదు. ప్రతి క్యాపునూ నొక్కాల్సి వస్తోందంటే మీ చేతిలో ఉన్నది ఆ నిపుల్‌కు తగిన క్యాపు కాదు. అంతకంటే పెద్ద మాట, రాలిన క్యాపు కింద నిపుల్ రంధ్రం బట్టబయలుగా ఉంటుంది. ఒక చాంబర్ నిప్పు పక్క చాంబర్‌కు అంటుకుని రెండూ మూడూ ఒకేసారి పేలే ప్రమాదం ఈ రివాల్వర్లలో ఉంది. అది ముందువైపు వదులుగా కూర్చున్న గుండు పక్కనుంచి వస్తుందని కొందరు, వెనక ఖాళీ నిపుల్ గుండా వస్తుందని కొందరు వాదిస్తారు. మీరు ఏ పక్షమూ తీసుకోనక్కర్లేదు. రెండు తలుపులూ మూయండి. గుండు చాంబర్‌లోకి దిగేటప్పుడు సన్నటి సీసపు ఉంగరం తెగి బయట పడాలి. వెనక ప్రతి క్యాపూ బిగుతుగా ఉండాలి. కాలుస్తుండగా క్యాపు రాలిందని కనబడితే ఆగి, రివాల్వర్‌ను గురివైపే ఉంచి, కొత్త క్యాపు పెట్టాకే కొనసాగించండి.

ఇప్పుడు ఇరుక్కునే ముక్కల సంగతికి వద్దాం. మీ 1851 నేవీ కోల్ట్ నమూనాయే కదా, ఇది కోల్ట్ తరహా రివాల్వర్ల పాత రోగం, నిపుల్ ఎంత మంచిదైనా పూర్తిగా పోదు. పైన కప్పు లేని ఫ్రేము కావడంతో హ్యామర్ వెనక్కి లేచేసరికి లోపలి యంత్రానికి దారి తెరుచుకుంటుంది. హ్యామర్ ముఖం మీద ఒక చిన్న గాడి ఉంటుంది చూడండి. సిలిండర్ వెనక చాంబర్ల మధ్యనున్న చిన్న పిన్నుల మీద హ్యామర్‌ను ఆనించి ఉంచడానికి ఏర్పాటు చేసిన గాడి అది. చీలిన క్యాపు ఆ గాడిలో కరుచుకుని, హ్యామర్‌తోపాటు వెనక్కి వచ్చి, కిందనున్న చీలికలోకి రాలుతుంది. అక్కడినుంచి సిలిండర్‌ను తిప్పే భాగాల మధ్య పడుతుంది. మీకు జరుగుతున్నది ఇదే.

డబ్బు ఖర్చు లేని మందు చేతి అలవాటు. కాల్చాక హ్యామర్ ఎత్తేటప్పుడు రివాల్వర్‌ను కుడివైపుకు వంచండి. ఆ పక్కన ఫ్రేములో క్యాపులు పెట్టడానికి వదిలిన గాడిలోంచి ముక్క బయటికి జారుతుంది. గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి హ్యామర్ లాగడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, అదీ పనిచేస్తుంది. అయితే చాలా రేంజిలు గొట్టం మట్టికట్ట పైకి లేవడాన్ని ఒప్పుకోవు. ముందు అక్కడి అధికారిని అడగండి, ఒప్పుకోకపోతే కుడికి వంచడమే. హ్యామర్‌ను నింపాదిగా కాకుండా ఒకే ఊపులో పూర్తిగా లాగితే ముక్క దిగడానికి వ్యవధి తక్కువ దొరుకుతుంది.

అప్పటికీ ఇరుక్కుంటుంటే తుపాకీ మరమ్మతు తెలిసినవాళ్ళు చేసేవి రెండున్నాయి. ఒకటి, హ్యామర్ ముఖం మీది గాడిని నింపి నునుపు చేయడం. అప్పుడు ముక్కకు పట్టు దొరకదు. కాకపోతే పిన్నుల మీద హ్యామర్ ఆనించే సౌకర్యం పోతుంది. ఇక ఐదు చాంబర్లే నింపి హ్యామర్‌ను ఖాళీ చాంబర్ మీద దించుకోవాలి. ఎలాగూ చాలా క్లబ్బులు ఐదే నింపమంటాయి కాబట్టి అది నష్టం కాదంటాను. రెండోది, హ్యామర్ దారిలో ఫ్రేముకు చిన్న స్తంభం లాంటి పిన్ను బిగించి, వెనక్కి వస్తున్న ముక్కను అది అడ్డుకునేలా చేయడం. రెండూ ఇంట్లో చేసుకునే పనులు కావు. ఇంకొకటి అడుగుతాను, మీ రివాల్వర్‌లో హ్యామర్ స్ప్రింగును ఎవరైనా పలచన చేశారా? లాగడానికి తేలిగ్గా ఉంటుందని చేస్తుంటారు. పలచని స్ప్రింగు వెనక తన్నుకు లొంగిపోతుంది, క్యాపులు ఎక్కువగా చీలతాయి, మొదటి దెబ్బలు కూడా బలహీనపడతాయి. అలా చేసి ఉంటే పాత స్ప్రింగును తిరిగి పెట్టించండి.

అన్నట్టు, 1851 నేవీ అసలుది .36 క్యాలిబర్. .44లో రావడం తర్వాతివాళ్ళు నమూనాలు చేసేటప్పుడు మొదలైన ముచ్చట. అందులో తప్పేం లేదు గానీ, పెద్ద గుండు, దానికి తగ్గ మందు అంటే అదురూ వెనక తన్నూ కూడా పెరుగుతాయి. మాన్యువల్ చెప్పిన హద్దుల్లో కిందివైపే ఉండి కొన్నాళ్ళు కాల్చి చూడండి. క్యాపుల ఆగడం కొంతవరకు దానంతటదే తగ్గుతుంది. గురి కూడా బాగుపడితే ఆశ్చర్యపోకండి.

ఈ చిన్న గిన్నె ఇంత తలనొప్పి పెట్టడం మనతో మొదలైంది కాదు. స్కాట్లాండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ దెబ్బకు పేలే మందుతో తుపాకీని వెలిగించే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీని ఎవరు కనిపెట్టారన్నదానికి మాత్రం హక్కుదారులు చాలామంది. అమెరికాలో 1822లో పేటెంటు తీసుకున్న జాషువా షా వాళ్ళలో ఒకడు. శామ్యూల్ కోల్ట్ 1836లో రివాల్వర్‌కు అమెరికా పేటెంటు తీసుకోగలిగాడంటే ఆ టోపీ అప్పటికే ఉండబట్టే. అమెరికా అంతర్యుద్ధంలో మస్కెట్ సిపాయికి ఇచ్చే పది తూటాల కట్టలో పన్నెండు క్యాపులు ఉండేవి. రెండు ఎక్కువ ఎందుకో ఊహించడం కష్టం కాదు, కొన్ని జారిపోతాయి, కొన్ని తుస్సుమంటాయి. కాబట్టి నూటికి నూరు పేలాలన్న పంతం పెట్టుకోకండి.

పేలనప్పుడు ఏం చేయాలో మాత్రం పంతంగా పాటించండి. రివాల్వర్‌ను గురివైపే పట్టుకుని కనీసం అర నిమిషం కదలకుండా ఉండండి, నిమిషమైతే ఇంకా మంచిది. నిప్పు లోపల నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. ఆ తర్వాతే రెండో దెబ్బ, లేదా కొత్త క్యాపు. ఇక మొదటి చాంబరే తుస్సుమనే అలవాటు ఉంటే అది దాదాపు ఎప్పుడూ నూనె పనే. దాచేటప్పుడు రాసిన నూనె నిపుల్ రంధ్రంలో నిలిచి ఉంటుంది. మందు నింపకముందే, రేంజిలో, ఖాళీ చాంబర్ల మీద ఒక్కో క్యాపు పేల్చి రంధ్రాలు ఆరబెట్టుకోండి. క్యాపు పేల్చినప్పుడు గొట్టం మూతి దగ్గర ఎండుగడ్డి పరక కదిలితే దారి తెరిచి ఉన్నట్టు. క్యాపులు పెట్టడం అన్నిటికంటే చివర, కాల్చే చోట నిలబడ్డాకే. కళ్ళద్దాలు మీకే కాదు, పక్కన నిలబడ్డవాళ్ళకూ ఉండాలి. ఈ ముక్కలు పక్కలకే ఎగురుతాయి. మందులో సీసం ఉంటుంది కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

బొమ్మ తుపాకీ మందుతో సొంతంగా క్యాపులు చేసుకునే పనిముట్లు కూడా అమ్ముతారు. మీ క్లబ్బులో మూడో ఆయన రేపో మాపో ఆ సలహా కూడా ఇస్తాడు. వద్దు. 2020 తర్వాత అమెరికాలో క్యాపులకు కరువొచ్చినప్పుడు వాటికి గిరాకీ పెరిగింది. రెమింగ్టన్ కంపెనీ దివాలా తీసి, మందుగుండు విభాగం చేతులు మారిన రోజులవి. ఆ కరువు నేర్పాల్సింది వేరే. ఒకే కంపెనీ డబ్బా మీద ఆధారపడకుండా, కనీసం రెండు కంపెనీల క్యాపులు పట్టే నిపుల్స్ ఎంచుకోవడం. దొరికినప్పుడు కొన్ని డబ్బాలు ఎక్కువ తీసుకోండి, వచ్చిన డబ్బాల్లోనే, పొడిగా, తుపాకీ మందుకు దూరంగా ఉంచండి. అన్నీ కలిపి ఒక గాజు సీసాలో పోసి దాచడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఒకటి పేలితే అన్నీ పేలతాయి.

రెమింగ్టన్ 1858 గురించి. ఆ అంకె పేటెంటు సంవత్సరం, తుపాకీ పేరు నిజానికి న్యూ మోడల్ ఆర్మీ. పైన కప్పున్న ఫ్రేము కావడంతో క్యాపు ముక్కల బెడద మీ నేవీ కంటే తక్కువ, పూర్తిగా లేదని మాత్రం కాదు. నిపుల్స్ మధ్య హ్యామర్ ఆనడానికి గాడులు ఉంటాయి. వేళ్ళతో క్యాపు పెట్టడానికి చోటు ఇరుకు కాబట్టి క్యాపులు తొడిగే ఇత్తడి పనిముట్టు, క్యాపర్ అంటారు, ఒకటి కొనుక్కోవాల్సి వస్తుంది. క్యాపర్ కూడా మీరు తేల్చుకున్న క్యాపుకు అమరేదేనా అని చూసి కొనండి, కొన్నింట్లో పొడవు క్యాపులు అడ్డుపడతాయి. రెండు రివాల్వర్లకూ ఒకే క్యాపు కావాలంటే దారి ఉంది. రెండోది కూడా పియెట్టాదే తీసుకుని, మర చుట్టు కలిసిందని చూసుకుని, పన్నెండు నిపుల్స్ ఒకే రకంవి, ఒకేసారి కొనేయండి. అప్పుడు ఒకదానిలో అమరిన క్యాపు రెండోదానిలోనూ అమరుతుంది. ఫ్యాక్టరీ నిపుల్స్ ఉంచేస్తే ఆ మాట ఎవరూ ఇవ్వలేరు.

మీ దగ్గరున్న రెండు డబ్బాలూ పారేయకండి. కొత్త నిపుల్స్ వచ్చాక మొదట ఆ సీసీఐ పదినే పెట్టి చూడండి, హాయిగా దిగుతుందనే నా అంచనా. దిగకపోతే క్లబ్బులో ఎవరినైనా అడిగి రెమింగ్టన్ పదీ, 1075ఓ నాలుగైదు తీసుకుని పరీక్షించాకే డబ్బా కొనండి. పదకొండు డబ్బాను నూనె ఆరబెట్టడానికి ఖాళీ చాంబర్ల మీద వాడేసుకోవచ్చు. ఇవన్నీ చేశాక కూడా రెండో దెబ్బ పడుతూనే ఉంటే మళ్ళీ రాయండి. అప్పుడు నిపుల్ తల దగ్గర వెడల్పు, దానికి రెండు మిల్లీమీటర్ల కింద వెడల్పు, వెర్నియర్‌తో కొలిచి ఆరింటివీ విడివిడిగా పంపండి. మందు ఏదో కూడా.